పాత ఇంటి టేకు దూలంతో అకూస్టిక్ గిటార్ చేయొచ్చా?

కోనసీమ కుర్రాడు:

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మా తాతగారి మండువా ఇల్లు ఈ వేసవిలో విప్పించాం. పెంకులు, తలుపులు, గుమ్మాలు కొనేవాళ్లు వచ్చి పట్టుకెళ్లారు. దూలాలు మాత్రం నాన్న అమ్మనివ్వలేదు. బర్మా టేకు అంటారు. వాటిలో ఒకటి నాకిచ్చారు. ఆరంగుళాలు బై ఎనిమిది అంగుళాలు, పొడవు ఏడడుగుల పైనే. బయటంతా వంటింటి పొగకి నల్లబడిపోయింది కానీ ఒక మూల ఉలితో గీకి చూస్తే లోపల తేనె రంగు. ఆ టేకు నూనె వాసన ఇంకా పోలేదు.

దీంతో ఒక అకూస్టిక్ గిటార్ చేయాలని ఉంది, స్టీల్ తీగలది. గిటార్ కాలేజీ రోజుల నుంచి వాయిస్తున్నాను. వడ్రంగి పని కొద్దిగా వచ్చు. ఇంట్లో పుస్తకాల అర, అమ్మకి పీటలు నేనే చేశాను. ఉద్యోగం హైదరాబాదులో, పని మాత్రం ఊళ్లో నాన్న షెడ్డులో చేద్దామని. సెలవులకి వెళ్లినప్పుడు కొంచెం కొంచెం.

నా సందేహాలు ఇవి. గిటార్ మొత్తం టేకుతోనే చేయొచ్చా, లేకపోతే ముందు పలక వేరే చెక్కతోనే ఉండాలా? పక్కలు వంచడానికి మిషన్ కొనాల్సిందేనా? ఇంట్లో ఉన్న తెల్ల జిగురు సరిపోతుందా? మా ఊళ్లో తేమ బాగా ఎక్కువ, దానివల్ల ఏమైనా ఇబ్బందా?

స్ట్రమ్మింగ్ శీను:

బ్రో, పది వేలు పెడితే షాపులో మంచి గిటారే వస్తుంది. చెక్క, పనిముట్లు, తీగలు, కీలు అన్నీ లెక్కేస్తే నీకు అంతకు మూడు రెట్లవుతుంది. ఆ దూలంతో ఉయ్యాల బల్ల చేయించుకో, ఇంటిల్లిపాదీ కూర్చుంటారు.

ప్యాటర్న్ మేష్టారు:

శీనూ, ఎంతకు కొనాలని ఆయన అడగలేదు. ఉయ్యాల బల్ల సలహా బాగుంది, అది ఇంకో దూలంతో చేయించుకుంటాడులే.

బాబూ, నేను విశాఖలో ఫౌండ్రీ ప్యాటర్న్ షాపులో పనిచేసి రిటైరయ్యాను. ఇనుముతో పోత పోయాల్సిన వస్తువును మేం ముందు చెక్కతో చేస్తాం. దాని చుట్టూ ఇసుక దట్టించి అచ్చు తీస్తారు. కరిగిన ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది కాబట్టి పోత ఇనుముకి మా స్కేలు మీద అడుగు, మామూలు అడుగు కంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆ స్కేలుతో బతికినవాణ్ణి. ఏ వస్తువు చూసినా ఇది ఎంత ముడుచుకుంటుంది, ఎటువైపు ముడుచుకుంటుంది అనే చూస్తాను. రిటైరయ్యాక గిటార్ల మీద పడ్డాను.

నీ నాలుగు ప్రశ్నల్లో ఆఖర్న తోకలా తగిలించావు చూడు, తేమ, అసలు ప్రశ్న అదే. మిగతావి ఎలాగోలా నెట్టుకురావచ్చు.

చెక్క గాలిలో తేమను పీల్చుకుంటే ఉబ్బుతుంది, వదిలితే కుదించుకుంటుంది. ఇదంతా నారకు అడ్డంగా. పొడవునా దాదాపు కదలదు. గిటార్ ముందు పలక, అంటే టాప్, కింది భాగంలో 400 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, మందం 3 మిల్లీమీటర్లు. దాని లోపలి వైపు బ్రేసులు, అంటే బలానికి పెట్టే సన్న కర్ర బద్దలు అంటిస్తాం. వాటి నార పలక నారకు అడ్డంగానో ఏటవాలుగానో పోతుంది. అంటే కదిలే చెక్క మీద కదలని చెక్కను జిగురుతో బిగిస్తున్నావన్నమాట.

ఇప్పుడు లెక్క చూడు. కోనసీమలో వానాకాలం గాలిలో తేమ 80 శాతం. ఆ రోజుల్లో నాన్నగారి షెడ్డులో బ్రేసులు అంటించావనుకో. ఏప్రిల్లో గిటార్ హైదరాబాదు తెచ్చావు. అక్కడ మధ్యాహ్నం తేమ 35, ఒక్కోరోజు ఇంకా తక్కువ. టాప్‌కి మామూలుగా వాడే స్ప్రూస్ (చలి దేశాల్లో పెరిగే తేలికైన చెక్క) పలక అయితే ఆ 400 మిల్లీమీటర్ల వెడల్పులో నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గాలని చూస్తుంది. బ్రేసు తగ్గనివ్వదు. పలక లోపలికి కుంగుతుంది, తీగలు కిందికి దిగి మెడ మీది మెట్లకు (ఫ్రెట్లకు) తగిలి జర్రుమంటాయి. అక్కడితో ఆగకపోతే ఒక రాత్రి టప్పుమని నార వెంట చీలుతుంది. వాయించేవాడు ఎండకి చీలిందనుకుంటాడు. నిజానికి ఆ చీలిక జిగురు పెట్టిన రోజే లోపల తయారైపోయింది.

తిరగేసి చెయ్యి. తేమ 40, 45 ఉన్న చోట బ్రేసులు అంటించు. తర్వాత ఊరికి తీసుకెళ్తే పలక ఉబ్బి కాస్త పైకి లేస్తుంది, తీగలు ఎత్తుగా అనిపిస్తాయి. ఇబ్బందే కానీ విరిగేది, చీలేది ఏమీ ఉండదు.

కాబట్టి పని రెండు ఊళ్లకు పంచుకో. పక్కలు వంచడం, మెడ చెక్కడం, మోల్డు (వంచిన పక్కలు బిగించే చట్రం) చేయడం కోనసీమలో హాయిగా చేసుకో. టాప్‌కీ, వెనక పలకకీ బ్రేసులు అంటించడం, తర్వాత పెట్టె మూయడం మాత్రం హైదరాబాదులో ఏసీ ఉన్న గదిలోనే. ఏసీ చల్లబరుస్తూనే తేమ లాగేస్తుంది. గదికి ఒక డిజిటల్ తేమ మీటరు కొను, కొన్ని వందల్లో వస్తుంది. దాన్ని గుడ్డిగా నమ్మకు. సీసా మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్లతో తడిపి, మీటరుతో పాటు గట్టి మూతున్న డబ్బాలో రాత్రంతా ఉంచు. పొద్దున్నకి 75 చూపించాలి. 70 చూపిస్తే అయిదు తక్కువ చెబుతోందని దాని నెత్తిన రాసిపెట్టుకో.

పలక ఆ గదికి అలవాటు పడిందో లేదో ఎలా తెలుస్తుందంటావా? వంటింటి డిజిటల్ కాటా తీసుకో. రోజూ అదే వేళకి పలకను తూచి గోడ మీద కాగితం అంటించి రాయి. మొదట్లో రోజుకి కొన్ని గ్రాములు తగ్గుతుంది, తర్వాత ఒకటీ అరా, తర్వాత అంకె కదలదు. అంకె కదలకుండా నిలిచాక జిగురు తియ్యి. అప్పటిదాకా ఓపిక పట్టు, ఏ పుస్తకమో చదువుకో.

ఇక టేకు. వెనక పలకకీ పక్కలకీ బాగుంటుంది. ఇన్నేళ్లు పైకప్పు కింద ఉన్న చెక్క ముడుచుకోవాల్సింది చాలావరకు ఎప్పుడో ముడుచుకుంది. మా షాపులో మంచి ప్యాటర్న్‌కి టేకే వాడేవాళ్లం, చెప్పిన మాట వినే చెక్క. టాప్‌కి మాత్రం వద్దు. టేకు ఘనమీటరు 650 కిలోల దాకా తూగుతుంది, స్ప్రూస్ 400 చిల్లర. తీగ ఇచ్చే శక్తి చాలా కొద్ది, అంత బరువైన పలకను అది కదిలించలేదు. తేలిగ్గా ఉండాలి, బిగువుగానూ ఉండాలి. ఆ రెండూ కలిసి స్ప్రూస్‌లో ఉన్నంతగా మన చుట్టుపక్కల చెక్కల్లో నాకు కనపడలేదు.

ఈ మాటకి నీ మనసు చిన్నబోతుందని తెలుసు, తాతగారి దూలం కదా. స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ అని 19వ శతాబ్దపు గిటార్ మేస్త్రీ. ఇవాళ్టి క్లాసికల్ గిటార్ కొలతలు చాలావరకు ఆయన పెట్టినవే. టాప్ ముఖ్యం, మిగతాది తర్వాత అని చూపించడానికి ఆయన 1862లో వెనకా పక్కలా గట్టి అట్టతో ఒక గిటార్ చేశాడు. అది ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. అట్టే పనికొచ్చిన చోట మీ టేకు రాజాలా ఉంటుంది. డబ్బు ఖర్చు పెట్టేది మాత్రం టాప్ మీద పెట్టు.

బొబ్బిలి పక్కూరోణ్ణి:

మేష్టారికి దండాలు. మాది గొల్లపల్లికి దగ్గర. బొబ్బిలి వీణలు చేసే ఇళ్లలో చిన్నప్పుడు గంటలు గంటలు కూర్చునేవాణ్ణి. అక్కడ అంతా పనస. ఒకే దుంగలోంచి కుండ, దండి కలిపి తొలుస్తారు. మీరు చెప్పే వంచడాలూ బ్రేసులూ ఆ పనిలో కనపడవు. ఇంకో తేడా, వీణ మెట్లు మైనంలో నిలబెడతారు. శ్రుతి చూసుకుంటూ అటూ ఇటూ జరుపుతారు, కొన్నేళ్లకి మైనం పాతబడితే మళ్లీ మేళం కడతారు. గిటార్‌కి ఆ వీలు లేదు కదా, మరి మెట్టు ఎక్కడ పడాలో కొత్తవాడికి ఎలా తెలుస్తుంది? ఇంకోటి, పనసతో గిటార్ చేయొచ్చా?

ప్యాటర్న్ మేష్టారు:

మంచి ప్రశ్న. గిటార్‌లో చెవితో పని లేదు, భాగహారం వస్తే చాలు. తీగ పొడవును 17.817తో భాగించు. వచ్చినది మొదటి మెట్టు దూరం. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. 650 మిల్లీమీటర్ల తీగ అయితే మొదటి మెట్టు 36.48 దగ్గర, అక్కణ్ణుంచి రెండోది 34.43. ఇలా పోతే పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర పడాలి. పడలేదంటే ఎక్కడో లెక్క తప్పింది.

కాగితం మీద లెక్క ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి వేసుకో. చెక్క మీద గీత పెట్టేటప్పుడు మాత్రం ప్రతి కొలతా తల దగ్గరున్న నట్ (తీగలు ఆనే చిన్న పట్టీ) నుంచే కొలువు. పక్క మెట్టు నుంచి కొలుస్తూ పోతే ఒక్కోచోట వెంట్రుకవాసి తేడా చేరి చేరి పన్నెండో మెట్టుకి మిల్లీమీటరు అవుతుంది, అది చెవికి పట్టేస్తుంది. గాడి కోసే రంపం 0.6 మిల్లీమీటర్ల కోత ఇచ్చేది ఉండాలి. మామూలు రంపంతో కోస్తే మెట్టు వదులై లేచిపోతుంది.

లెక్క ప్రకారం బ్రిడ్జి (టాప్ మీద తీగల కొసలు బిగించే చెక్క) పెట్టేశావనుకో, మళ్లీ శ్రుతి కలవదు. తీగను నొక్కినప్పుడు అది కొద్దిగా సాగి స్వరం పెరుగుతుంది. అందుకని సాడిల్‌ను, అంటే బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీని, కాస్త వెనక్కి జరపాలి. సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు, లావు తీగ వైపు 4, 5. స్టీల్ తీగల గిటార్ చూస్తే సాడిల్ వాలుగా ఉండేది అందుకే.

పనసతో చేయొచ్చు, వెనకకీ పక్కలకీ. బాగా ఆరిన ముక్క కావాలి. ఏళ్లకేళ్లు నిలవ పెట్టిన పనస మీ వైపు దొరికినట్టు వేరేచోట దొరకదు. ఓ రెండు పలకలు సంపాదించి నాకూ చెప్పు.

మిషిగన్ మావయ్య:

మేష్టారు చెప్పినదానికి ఇక్కణ్ణుంచి సాక్ష్యం. చలికాలం ఇంట్లో హీటర్ వేస్తే తేమ 20కి పడిపోతుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న గిటార్ ఒకటి ఉంది. ఎక్కడ చేశారో ఎందుకులే, జనవరికల్లా టాప్ మధ్యలో గోరు దూరేంత చీలిక. కొత్త గిటార్‌ను ఇప్పుడు పెట్టెలోంచి బయటికి తీయడానికే భయం. లోపల తేమ పొట్లాలు పెట్టి పిల్లాడిలా సాకుతున్నాం.

తమ్ముడూ, ఫింగర్‌బోర్డుకి (మెడ మీద మెట్లు దిగే పలకకి) రోజ్‌వుడ్ వాడేట్టయితే బిల్లు జాగ్రత్తగా దాచుకో. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతి అంతా సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది. 2019 నవంబరులో పూర్తయిన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు కానీ విడి చెక్కకి ఇవ్వలేదు. గిటార్‌గా చేసి పట్టుకురావడం వేరు, సూట్‌కేసులో నాలుగు పలకలు వేసుకురావడం వేరు.

కోనసీమ కుర్రాడు:

మేష్టారూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. టాప్ విషయంలో కొంచెం దిగులేసింది, కానీ అట్ట గిటార్ సంగతి విని సర్దుకున్నాను. వెనకా పక్కలా తాతగారు, ముందు స్ప్రూస్. జిగురు, వంచడం గురించి కూడా చెప్పరా? మా దూలం ఎనిమిదంగుళాలే కదా, వెనక పలకకి వెడల్పు సరిపోతుందా?

స్ట్రమ్మింగ్ శీను:

నేనూ మారిపోయాను, ఉయ్యాల బల్ల వెనక్కి తీసుకుంటున్నా. ఒక డౌట్. మాది కడప వైపు. ఎర్రచందనంతో చేస్తే సౌండ్ అదిరిపోతుందంటారు, జపాన్‌లో వాయిద్యాలకి వాడతారట, నిజమేనా?

ప్యాటర్న్ మేష్టారు:

శీనూ, నిజమే. అక్కడి షామిసెన్ అనే తీగల వాయిద్యం మెడకి వాడతారు. మనకి శేషాచలం కొండల్లో పెరిగేదే. కానీ అటవీ శాఖ కాగితాలు లేకుండా ఇంట్లో ముక్క ఉన్నా టెన్షనే. సరదాకి చేసుకునే పనికి పోలీస్ స్టేషను మెట్లు ఎక్కాలా? వదిలెయ్.

కోనసీమ బాబూ, ముందు దూలం సంగతి. వెనక పలక రెండు ముక్కలుగా చేస్తే ఒక్కోటి 200 మిల్లీమీటర్ల పైన కావాలి, పొడవు 520. నీ ఎనిమిదంగుళాలు చిత్రిక పట్టి మసీ పగుళ్లూ తీసేసేసరికి ఏడున్నరకి వస్తుంది. చాలదు. మూడు ముక్కలు చెయ్యి. మధ్యలో కోసుగా ఒకటి, పక్కన రెండు. అదేం నామోషీ కాదు. అమెరికాలో గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ 1965లో డి-35 అని మోడల్ తెచ్చింది. వెడల్పాటి బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరక్క వెనక మూడు ముక్కలు పెట్టారు, ఇప్పటికీ అలాగే అమ్ముతున్నారు. తర్వాత 1969లో వాళ్లు మన దేశపు రోజ్‌వుడ్‌కి మారారు.

కోయించేటప్పుడు పలక చివర చూడు. వలయాల గీతలు పలక ముఖానికి నిట్టనిలువుగా ఉండాలి. పడుకున్న గీతలున్న పలక రెట్టింపు కదులుతుంది, దాన్ని ఉయ్యాల బల్లకి పక్కన పెట్టు. వెనక పలక చివరికి రెండున్నర మిల్లీమీటర్లు, పక్కలు 2. పక్కల ముక్కలు 820 పొడవు, 120 వెడల్పు తీసుకో.

వంచడానికి మిషనెందుకు? రెండున్నర అంగుళాల ఇనుప పైపు ముక్క వైస్‌లో బిగించి లోపలికి హీట్ గన్ పెట్టు. పైపు మీద నీటి చుక్క వేస్తే సుయ్యిమని అంటుకోకుండా గోళీలా పరిగెత్తాలి, అదీ వేడి. చెక్క తడిపి పైపు మీద ఆనించి, రెండు చేతులతో కొద్దిగా బరువు పెట్టి, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండు. మొదట కర్రలా ఎదురు తిరుగుతుంది. కాసేపటికి చేతి కింద ఒక్కసారిగా మెత్తబడుతుంది, చేతికే తెలుస్తుంది, చెబితే తెలిసేది కాదు. అది తెలిసినప్పుడే వంచు, ముందు వంచితే చిట్లుతుంది. నడుము వంపు అన్నింటికంటే బిగువు, దాన్నుంచే మొదలెట్టు. చిట్లితే అక్కడే చిట్లుతుంది, మిగతా పని వృథా కాదు. నార వంకరగా బయటికి పోయే ముక్క అసలు ఎంచుకోకు. వంచిన వెంటనే మోల్డులో బిగించి రాత్రంతా వదిలెయ్.

జిగురు. ఫర్నిచర్‌కి వాడే మామూలు తెల్ల జిగురు ఆరినా కొంచెం మెత్తగానే ఉంటుంది. బరువు ఏళ్ల తరబడి లాగుతూ ఉంటే, ఎండ తగిలితే, మెల్లగా జరుగుతుంది. కుర్చీకి పరవాలేదు. గిటార్ మీద మామూలు లైట్ సెట్ తీగలు ఆరూ కలిపి 70 కిలోల పైన లాగుతాయి, పగలూ రాత్రీ. బ్రిడ్జి మెడ వైపుకి పాకుతుంది. వాద్యాలకి పనికొచ్చే గట్టి పసుపు రకం జిగురు తెప్పించు. పాత పద్ధతి వజ్రం జిగురైతే (పశువుల చర్మం కాచి తీసేది) ఇంకా మంచిది కానీ వేడి మీద చకచకా పనిచేయాలి, కొత్తవాడికి కంగారు. టేకు నూనె ఉన్న చెక్క, దాని మీద జిగురు సరిగ్గా పట్టదు. అంటించబోయే ముందు ముఖాన్ని గరుకు కాగితంతో ఒకసారి లాగి, అసిటోన్‌లో ముంచిన గుడ్డతో తుడువు. గుడ్డకి పసుపు మరక వస్తుంది. మరక రావడం ఆగేదాకా తుడిచి, ఆరగానే అంటించు. పొద్దున్న తుడిచి సాయంత్రం అంటిస్తే నూనె మళ్లీ పైకి వచ్చేస్తుంది.

బ్రేసుల మీద బరువు పెట్టడానికి డజన్ల కొద్దీ క్లాంపులు కొనకు. కింద ఒక ప్లైవుడ్ పలక, పైన ఒకటి, నాలుగు మూలలా బోల్టు కడ్డీలు, మధ్య రెండడుగుల ఖాళీ. మీ గోదావరి వైపు వెదురుకి కొదవా? బద్దలు చీల్చి ఆ ఖాళీ కంటే ముప్పాతిక అంగుళం పొడవు ఉండేట్టు కోసుకో. ఒక కొస బ్రేసు మీద, ఇంకో కొస పై పలకకి, మధ్యలో వంచి వదిలితే విల్లులా నిలబడి కిందికి నొక్కుతుంది. బద్ద మందం కొద్దీ బరువు. అన్నీ ఒకే మందంలో చీల్చు. కొసలకి గుడ్డ పీలిక కట్టు, లేకపోతే జారి కంటికి తగులుతుంది.

బ్రేసుల చెక్కకి డబ్బు పెట్టకు. విదేశాల నుంచి మెషీన్లు వచ్చే పెట్టెల్లో ఒక్కోసారి నిలువు నార స్ప్రూస్ ముక్కలుంటాయి. ఫ్యాక్టరీల పాత సామాను కొనేవాళ్ల దగ్గర వెతుకు, మేకు కన్నాలు లేని పొడవు చూసుకుని చీల్చు. రంపంతో కోయకు, గొడ్డలితో చీల్చు, నార ఎటు పోతోందో చెక్కే చూపిస్తుంది. టాప్ పలకలు మాత్రం దిగుమతి చేసి అమ్మేవాళ్ల దగ్గరే కొనాలి.

మెడ టేకుతో చెయ్యకు, బరువెక్కి గిటార్ తల వాలుస్తుంది. ఆరిన మహాగని తీసుకో. పెట్టెకి జిగురుతో కాకుండా రెండు బోల్టులతో బిగించు. ఏ గిటార్‌కైనా కొన్నేళ్లకి మెడ కోణం సరిచేయాల్సి వస్తుంది. బోల్టులైతే స్పానర్‌తో విప్పుతావు, జిగురైతే ఆవిరి పెట్టి ఊడదీయాలి.

కోనసీమ కుర్రాడు:

అర్థమైంది మేష్టారూ. దసరాకి ఊరెళ్తున్నాను. దూలం కోయించడం ఒక్కటే ఇప్పుడు పెట్టుకుంటాను, మిగతాది తర్వాత. రాజమండ్రిలో సామిల్లు వాళ్లని అడిగితే పాత దూలం అనగానే ఇష్టపడలేదు.

ప్యాటర్న్ మేష్టారు:

ఎందుకు ఇష్టపడతారు, లోపల మేకులుంటాయి. ఒక్క మేకు తగిలితే బ్యాండ్‌సా బ్లేడు పళ్లు పోతాయి, ఆ డబ్బు నీ దగ్గరే వసూలు చేస్తారు. పాత స్పీకర్ లోంచి అయస్కాంతం తీసి దారం కట్టి, దూలం నాలుగు ముఖాల మీదా అంగుళం అంగుళం జరిపి చూడు. దారం ఎక్కడ లాగితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి ఉలితో తవ్వి మేకు పీకు. తలలు విరిగి లోపల ఉండిపోయినవీ ఉంటాయి, వాసాలు కూర్చున్న చోట్ల ఇంకా జాగ్రత్తగా చూడు. నువ్వు ఏరిన మేకులు ఒక డబ్బాలో వేసి సామిల్లు అతనికి చూపించు, అప్పుడు మాట వింటాడు. అంగుళం మందం పలకలు కోయించు, అంతకంటే పల్చగా అక్కడ వద్దు. రెండు కొసలకీ మైనం పూసి, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి హైదరాబాదు పట్టుకెళ్లు.